గాల్లో గీత: వేంపల్లె నుంచి రాజధానికి ఎంత దూరం?

రెండు ఊళ్ల పేర్లు కొడితే వాటి మధ్య విమాన దూరం చెప్పే సైట్లు నెట్లో బోలెడున్నాయి. కడప, హైదరాబాదు అని కొట్టారనుకోండి, అర సెకనులో 304 కిలోమీటర్లు అని చెప్పేస్తాయి. మనం చూసి మూసేస్తాం. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, మొదట ఎవరు కొలిచారు, అసలు అది మనకేం చెబుతోంది అని ఆలోచించేంత తీరిక ఎవరికుంది? నాకు ఈ మధ్య కాస్త దొరికింది. అందుకే ఈ టపా.

ముందే చెప్పేస్తున్నా, నేను చరిత్రకారుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని. మాది కడప జిల్లా వేంపల్లె. పులివెందులకూ కడపకూ మధ్యలో, పాపఘ్ని ఒడ్డున ఉంటుంది. మా ఊరికి విమానాశ్రయమూ లేదు, రైలు స్టేషనూ లేదు. అలాంటి ఊరి నుంచి విమాన దూరాల గురించి రాయడమేంటి అంటారా? అలాంటి ఊరి నుంచి చూస్తేనే ఈ లెక్కలో తమాషా కనిపిస్తుంది. చదవండి, మీకే తెలుస్తుంది.

ముందు లెక్క

విమాన దూరం అంటే భూమి ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి పొట్టి గీత. భూమి గుండ్రం కాబట్టి ఆ గీత నిజానికి ఒక పెద్ద వృత్తంలో ముక్క. దాన్ని లెక్కగట్టడానికి మనం వాడేది హావర్‌సైన్ సూత్రం. మీలో చాలామంది ఏదో ఒక యాప్‌లో "దగ్గర్లో ఉన్న హోటళ్లు" చూపించడానికి ఈ ఫంక్షన్ రాసే ఉంటారు, లేదా ఎక్కణ్ణుంచో కాపీ కొట్టి ఉంటారు :) హావర్‌సైన్ అన్న పేరు 1835లో జేమ్స్ ఇన్‌మన్ అనే ఆయన ఓడ నావికుల కోసం రాసిన పుస్తకంలో పెట్టాడు. అంటే ఇవాళ మన ఫోన్లో నడిచేది ఓడల వాళ్ల లెక్క.

మన దగ్గరి దూరాలకైతే అంత కూడా అక్కర్లేదు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 110.6 కిలోమీటర్లు. వేంపల్లె దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 107.8 కిలోమీటర్లు. ఈ రెండూ గుర్తుంటే మిగతాది పైథాగరస్ చూసుకుంటాడు. వేంపల్లె ఉన్నది ఉత్తరానికి 14.37 డిగ్రీలు, తూర్పుకు 78.45 డిగ్రీల దగ్గర. హైదరాబాదు 17.39, 78.49. రేఖాంశాలు చూశారా? దాదాపు ఒకటే! అంటే మా ఊళ్లో నిలబడి నేరుగా ఉత్తరానికి మొహం పెట్టి గీత గీస్తే అది హైదరాబాదులోకి పోతుంది. అక్షాంశాల తేడా 3.02 డిగ్రీలు, కాబట్టి దూరం 334 కిలోమీటర్లు.

ఇదే పద్ధతిలో మా ఊరి నుంచి మిగతా గీతలు కూడా గీశాను. అన్నీ సుమారు అంకెలే.

మద్రాసు: 245 కి.మీ.
కర్నూలు: 168 కి.మీ.
హైదరాబాదు: 334 కి.మీ.
అమరావతి: 325 కి.మీ.
బెంగుళూరు: 180 కి.మీ.

మొదటి నాలుగూ ఏదో ఒక కాలంలో మా ఊరికి రాజధాని అయిన ఊళ్లు. ఐదోది ఎప్పుడూ కాలేదు. కానీ మా ఊరి కుర్రాళ్లలో చాలామంది ఉద్యోగం చేసేది అక్కడే. ఈ ఐదు అంకెల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆమడ, క్రోసు, గొలుసు

మా అవ్వల కాలంలో దూరం కిలోమీటర్లలో లేదు. కూతవేటు దూరం, పొద్దువాలేలోగా చేరే దూరం, ఆమడ దూరం. నాలుగు క్రోసులు ఒక ఆమడ. అయితే క్రోసు ఎంత అంటే ఊరికో లెక్క. ఈ కొలతలన్నిట్లో ఒక గొప్ప సంగతి ఉంది. అవి నడిచే మనిషిని బట్టి పుట్టినవి. మధ్యలో కొండ ఉంటే దూరం పెరుగుతుంది, ఏరు నిండితే ఇంకా పెరుగుతుంది. గాల్లో గీత అనేది ఆ మనిషికి అక్కర్లేదు, ఎందుకంటే వాడు గాల్లో పోడు కదా.

గాల్లో గీత అవసరమైంది కంపెనీ వాళ్లకి. 1800లో నిజాం మన నాలుగు జిల్లాల ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించేశాడు. అందుకే దత్త మండలాలు అన్న పేరు వచ్చింది. (ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు.) మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పొలాలన్నీ కొలిపించాడు. శిస్తు వేయాలంటే కొలత కావాలి కదా. ఇప్పటికీ మనం ప్లాటు కొనేటప్పుడు వాడే సెంటు ఆ గొలుసుల కాలం నాటిదే. 66 అడుగుల గంటర్ గొలుసులో వంద లింకులు ఉంటాయి. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అందులో నూరో వంతు సెంటు. తెలంగాణ మిత్రులు వాడే గుంట 33 అడుగుల చదరం, నలభై గుంటలు ఒక ఎకరం. కోకాపేటలో కొన్నా, మా వేంపల్లెలో కొన్నా, మీరు డబ్బు కట్టేది ఆ పాత గొలుసు లెక్కకే.

కానీ పొలం కొలవడం వేరు, రెండు నగరాల మధ్య దూరం కొలవడం వేరు. మద్రాసు నుంచి మంగళూరు దాకా గొలుసు పరుచుకుంటూ పోతే కొండల్లో, లోయల్లో తప్పులు పేరుకుపోతాయి. దానికి వేరే ఉపాయం కావాలి.

ఆ ఉపాయం పట్టుకొచ్చినవాడు విలియం లాంబ్టన్. 1802 ఏప్రిల్ 10న మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర పని మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసుని నాలుగు వందల సార్లు పరిచి, ఏడున్నర మైళ్ల ఒక సరళ రేఖని కొలిచాడు. దానికి 57 రోజులు పట్టింది. ఏడున్నర మైళ్లకి 57 రోజులు! మన మేనేజర్లు వింటే ఆ ప్రాజెక్టు మూసేసేవాళ్లు. కానీ ఆ ఒక్క గీతని గట్టిగా కొలిచాక ఇక గొలుసుతో పెద్దగా పనుండదు. ఆ గీత రెండు కొసల నుంచి దూరంగా ఉన్న కొండ కొమ్ముని చూసి కోణాలు కొలిస్తే చాలు, మిగతా రెండు భుజాలు లెక్కలో వచ్చేస్తాయి. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అలా దేశమంతా త్రిభుజాల వల. కోణాలు కొలిచే థియోడలైట్ బరువు అర టన్ను. దాన్ని మనుషులు మోసి కొండల మీదికి ఎక్కించారు.

ఆ వలతో మొదట తేలిన పెద్ద సంగతి ఏంటో తెలుసా? మద్రాసు, మంగళూరుల మధ్య దూరం అప్పటి పటాల్లో 400 మైళ్లు. లాంబ్టన్ లెక్కలో అది 360 మైళ్లే. ఒక్క దెబ్బకి ద్వీపకల్పం నలభై మైళ్లు సన్నబడింది! రెండు నగరాల మధ్య "గాల్లో దూరం" మన దక్షిణాదిలో శాస్త్రీయంగా తేలిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అప్పటికి విమానం పుట్టడానికి ఇంకా వందేళ్లు.

తర్వాత ఆయన ఉత్తరానికి తిరిగాడు. కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా 78వ రేఖాంశానికి దగ్గరగా పోయిన ఆ కొలతల వరసకి గ్రేట్ ఆర్క్ అని పేరు. అది మన సీమ గుండానే పోయింది. 1811లో గుత్తి దగ్గర మళ్లీ గొలుసు పరిచారు. ఎందుకు? త్రిభుజాల లెక్క ప్రకారం ఇక్కడ ఒక గీత పొడవు ఇంత రావాలి, నేల మీద కొలిస్తే అంతే వస్తుందా లేదా చూద్దామని. మన భాషలో చెప్పాలంటే అది టెస్ట్ కేసు. మద్రాసులో రాసిన కోడ్‌కి గుత్తిలో టెస్టింగ్ జరిగిందన్నమాట. 1818లో దీనికి గ్రేట్ ట్రిగనొమెట్రికల్ సర్వే అని అధికారికంగా పేరు పెట్టారు. 1823లో లాంబ్టన్ పని మధ్యలోనే, హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. తర్వాత జార్జ్ ఎవరెస్ట్ అందుకున్నాడు.

ఈ కొలతల నుంచి ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 6377.276 కిలోమీటర్లు అన్నాడు. ఇవాళ మన జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో అది 6378.137. తేడా 861 మీటర్లు. ఉపగ్రహం లేదు, కంప్యూటర్ లేదు, కరెంటే లేదు. గొలుసు, గాజు కటకం, కూలీల భుజాలు. వాటితో భూమి వ్యాసార్ధంలో కిలోమీటరు కూడా తప్పలేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు ఎవరెస్ట్ లెక్క మీదే గీసినవి. జీఐఎస్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లకి ఈ రెండు లెక్కల తేడా తెచ్చే తలనొప్పి కొత్తేం కాదు.

గండిలో తోరణం

ఇక్కడ మా ఊరి కథ ఒకటి చెప్పాలి. వేంపల్లె దాటి కాస్త పోతే గండి వస్తుంది. పాపఘ్ని నది కొండని రెండుగా చీల్చుకుని వచ్చే చోటు. అక్కడ ఆంజనేయస్వామి గుడి ఉంది. రాముడు లంక నుంచి తిరిగి వస్తున్నాడని వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకి బంగారు తోరణం కట్టాడని చెబుతారు. అది అందరికీ కనపడదట. అంత్యకాలం దగ్గరపడ్డ పుణ్యాత్ములకే కనిపిస్తుందట. మన్రో ఆ దారిన పోతూ తల పైకెత్తి చూసి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. తర్వాత కొద్ది కాలానికే పోయాడని కథ. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో 1827 జులైలో కర్నూలు వైపు పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట మాత్రం చరిత్రే.

నేను కథని కథగానే చెబుతున్నా. కానీ ఆలోచించండి. సీమలో అంగుళం అంగుళం కొలిపించిన కలెక్టరుకి మా వాళ్లు అంటగట్టిన కథ ఏంటి? రెండు కొండల మధ్య గాల్లో కట్టిన ఒక గీత. కట్టింది వాయుదేవుడు. ఈ టపాకి ఇంతకన్నా సరిపోయే కథ నేను కూర్చుని అల్లినా రాదు.

1932: మన నెత్తి మీది గీత

ఇక అసలు విమానం సంగతికొద్దాం. 1932 అక్టోబర్ 15. టాటా వాళ్ల టపా విమానం కరాచీలో బయల్దేరింది. మన దేశపు ఎయిర్‌లైన్స్ చరిత్ర మొదలయ్యేది అక్కణ్ణుంచే. అందులో 25 కిలోల ఉత్తరాలు. కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయి దాకా జేఆర్డీ టాటా నడిపాడు. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. ఇది అందరికీ తెలిసిన కథే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బొంబాయి తర్వాత ఏమైంది?

బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ దాన్ని అందుకుని మద్రాసుకి పట్టుకుపోయాడు. మధ్యలో ఆగింది ఎక్కడో తెలుసా? బళ్లారిలో! అప్పటికి బళ్లారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, దత్త మండలాల్లో ఒకటి. 1953లోనే అది మైసూరు రాష్ట్రంలోకి పోయింది.

బళ్లారి నుంచి మద్రాసుకి గీత గీశాను. సుమారు 425 కిలోమీటర్లు. ఆ గీత కదిరికీ వేంపల్లెకీ మధ్య నుంచి పోతుంది. మా ఊరికి దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్లు. ఆ పైలట్ నేను గీసిన గీత మీదే పోయాడని నేనేం అనడం లేదు. ఒకవేళ గుంతకల్లు నుంచి రైలు పట్టాల వెంబడి పోయి ఉంటే ఎర్రగుంట్ల, కడప మీదుగా పోయి ఉంటాడు. ఎటు పోయినా మా సీమ మీదుగానే. అంటే దేశంలో మొదటి ఎయిర్‌లైన్ టపా మా తాతముత్తాతల నెత్తి మీద నుంచే పోయింది.

రైలుది కూడా ఇదే కథ. 1871కి మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పట్టాలు పడి, బొంబాయి నుంచి వచ్చే రైలుతో కలిశాయి. ఆ లైను వేసింది మద్రాసుని బొంబాయితో కలపడానికి. దారిలో కడప తగిలింది. ఎర్రగుంట్ల తగిలింది. వేంపల్లె, పులివెందుల తగల్లేదు. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు లైను పూర్తయి రైలు నడిచింది 2016లో. 1871కీ 2016కీ మధ్య 145 ఏళ్లు.

విమానం కథలో ఇంకో మలుపు ఉంది. ఆ తర్వాతి ఏళ్లలో బొంబాయి–మద్రాసు టపా విమానం హైదరాబాదు మీదుగా నడిచింది. హైదరాబాదు నుంచి మద్రాసుకి గీత గీస్తే అది తూర్పుకి జరిగి నెల్లూరు జిల్లా వైపు పోతుంది. మన నెత్తి మీద ఉన్న గీత కూడా జరిగిపోయింది.

నాలుగు రాజధానులు

ఇప్పుడు పైన ఇచ్చిన అంకెలు మళ్లీ తీయండి.

1953 దాకా మా రాజధాని మద్రాసు, 245 కిలోమీటర్లు. 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు ఈ రెండిట్లో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకి ఉండాలన్నారు. చాలామంది దాన్ని భావోద్వేగాల గొడవగా చూస్తారు. నాకైతే అది దూరం మీద కుదిరిన ఒప్పందంలా కనిపిస్తుంది. కోర్టు పనికి, సచివాలయం పనికి మా మనిషి ఎన్ని కిలోమీటర్లు పోవాలి అన్నదే అసలు ప్రశ్న.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది. 168 కిలోమీటర్లు. కంపెనీ వచ్చినప్పటి నుంచి చూస్తే మా ఊరికి రాజధాని అంత దగ్గరగా ఎప్పుడూ లేదు. హైకోర్టు గుంటూరుకి పోయింది, అది 302. ఈ ముచ్చట మూడేళ్లు. 1956 నవంబర్ 1న హైదరాబాదు వచ్చింది, దూరం ఒక్క రాత్రిలో 168 నుంచి 334 అయింది. రెట్టింపుకి రెండు కిలోమీటర్లు తక్కువ.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. తర్వాత అమరావతి. 325. హైదరాబాదు కన్నా తొమ్మిది కిలోమీటర్లు దగ్గర! మ్యాపు మీద చూసినవాడు "మీకేం బాబూ, రాజధాని దగ్గరైందిగా" అంటాడు. బస్సు ఎక్కి చూడమనండి. హైదరాబాదు దారి నల్లమలకి పడమర పక్కనే, నంద్యాల, కర్నూలు మీదుగా చదునుగా పోతుంది. అమరావతి వైపు పోవాలంటే నల్లమలనో వెలిగొండలనో అడ్డంగా దాటాలి. 325 అన్న అంకెలో ఆ కొండలు లేవు. క్రోసు లెక్కలో ఉండేవి.

కొండలు లేని గీత ఒక్కోసారి ఎంత దారుణంగా మోసం చేస్తుందో మా మండలానికి బాగా తెలుసు. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరుకి హెలికాప్టర్‌లో బయల్దేరారు. ఆ రెండు ఊళ్ల మధ్య గీత సుమారు 470 కిలోమీటర్లు, నల్లమల అడవి మీదుగా పోతుంది. ఆ రోజు వాతావరణం బాగాలేదు. హెలికాప్టర్ పావురాలగుట్ట దగ్గర కూలింది. అందులో ఉన్న ఐదుగురూ పోయారు. కూలిన చోటు కనిపెట్టడానికి మర్నాటి దాకా పట్టింది. ఆయన సమాధి ఉన్న ఇడుపులపాయ మా వేంపల్లె మండలంలోనిదే. రాజకీయాలు ఎవరివి వాళ్లవి, వాటి జోలికి నేను పోను. గాల్లో దూరం నేల మీది కొండనీ, పైనున్న మబ్బునీ లెక్కలోకి తీసుకోదు అనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

గీత దిగిన రోజు

కడపలో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉండేది. దాన్ని కొత్తగా కట్టి 2015 జూన్ 7న ప్రారంభించారు. మొదటి సర్వీసు ఎయిర్ పెగాసస్ వాళ్లది, బెంగుళూరు నుంచి. 1932లో నెత్తి మీద నుంచి పోయిన పౌర విమానం షెడ్యూలు ప్రకారం కడపలో దిగడానికి 83 ఏళ్లు పట్టింది. తమాషా చూడండి, మొదటి విమానం వచ్చింది ఏ రాజధాని నుంచీ కాదు, ఎప్పుడూ మా రాజధాని కాని ఊరి నుంచి.

ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు. 2016 జులైలో ఆ కంపెనీయే విమానాలు ఆపేసింది. కడప–బెంగుళూరు గాల్లో 185 కిలోమీటర్లే. ఇక్కడే దూరం లెక్క తిరగబడుతుందని నా అనుమానం. విమానానికి మరీ దగ్గర కూడా నష్టమే. పైకెక్కి సర్దుకునేలోపే దిగాలి. ఎయిర్‌పోర్టుకి పోవడం, అక్కడ కూర్చోవడం, దిగాక ఊళ్లోకి చేరడం, అన్నీ కలిపితే బస్సుతో పెద్ద తేడా ఉండదు.

తర్వాత ఉడాన్ వచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ సిమ్లా నుంచి జెండా ఊపిన మొదటి ఉడాన్ విమానాల్లో ట్రూజెట్ కడప–హైదరాబాదు ఒకటి. ఆ పథకంలో కొన్ని సీట్ల టికెట్ రేటుకి పరిమితి పెట్టారు. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకి, 2,500 రూపాయలు. గమనించారా, పరిమితి కట్టింది కూడా గాల్లో గీతకే. లాంబ్టన్ గొలుసు చివరికి మన టికెట్ ధర దాకా వచ్చింది. 2022 మొదట్లో ట్రూజెట్ ఆగిపోయింది, అదే ఏడు మార్చి చివర్లో ఇండిగో వచ్చింది. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, విజయవాడ, విశాఖపట్నాలకి ఏటీఆర్ విమానాలు మొదలుపెట్టింది.

కడప నుంచి ఆ గీతలు కూడా చూడండి. బెంగుళూరు 185, చెన్నై 226, హైదరాబాదు 304, విజయవాడ 312, విశాఖ 594. చెన్నై విమానం దిగే మీనంబాక్కం రన్‌వే సెయింట్ థామస్ మౌంట్ పక్కనే ఉంటుంది. 1802లో లాంబ్టన్ మొదటి గొలుసు పరిచిన ప్రాంతం. కొలత మొదలైన చోటికే విమానం పోయి దిగుతోంది. ఎవరో ప్లాన్ చేసి పెట్టినట్టు లేదూ?

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే

దూరం చచ్చిపోయింది అని మన ఫీల్డులో అందరూ అంటారు. డేటాకి నిజమే. ఫైబర్లో కాంతి ఒక మిల్లీ సెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. వేంపల్లె నుంచి హైదరాబాదుకి 334 కిలోమీటర్లు, రెండు మిల్లీ సెకన్లు కూడా పట్టదు. అదే దూరం మనిషికి ఒక రాత్రి. గుండె నొప్పి వచ్చిన మనిషికి అది ఇంకా ఎక్కువ. మనం రాసే సాఫ్ట్‌వేర్ మొదటి అంకెని చూసి రాస్తాం, మన అమ్మానాన్నలు రెండో అంకెలో బతుకుతారు.

ఇది మా ఊరికి మాత్రమే ఉన్న బాధ కాదు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం, అందరూ ఆడవాళ్లే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. దాదాపు 14 వేల కిలోమీటర్లు. చదును మ్యాపులో పసిఫిక్ దాటి పోవాల్సిన దారి, గ్లోబు మీద దారం లాగి చూస్తే ధ్రువం వైపు పోతుంది. పొట్టి గీత అదే. కానీ 2019లోనూ, మళ్లీ 2025 ఏప్రిల్‌లోనూ పాకిస్తాన్ గగనతలం మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. గీత మారలేదు, దారి మారింది. గాల్లో కూడా వెలిగొండలు ఉంటాయన్నమాట.

అందుకని నేననేది ఇదీ. గాల్లో గీత గొప్ప ఆవిష్కరణే, కాదనను. దాని వెనక అర టన్ను థియోడలైట్ మోసిన వేలమంది పేరు లేని కూలీలున్నారు. వాళ్లలో మన సీమ వాళ్లూ ఉండే ఉంటారు. కానీ ఆ గీత పుట్టింది పైనుంచి చూసేవాడి కోసం. రాజధాని ఎక్కడ పెట్టాలి, ఆసుపత్రి ఎక్కడ కట్టాలి, హైకోర్టు బెంచి ఎక్కడ ఉండాలి అనే చర్చల్లో మ్యాపు మీద స్కేలు పెట్టి "మధ్యలోనే ఉందిగా" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లని అడగాల్సింది కిలోమీటర్లు కాదు. తెల్లారి బయల్దేరిన మనిషి పని చూసుకుని పొద్దుగూకేలోగా ఇంటికి రాగలడా, లేదా? మా అవ్వల కొలత అదే. దాంట్లో కొండా ఉంది, ఏరూ ఉంది, బస్సు టైమింగూ ఉంది. ఆ కొలతలో ఆ నాలుగు రాజధానుల్లో మా వేంపల్లె వాడు పాసు మార్కులు వేయగలిగేది ఒక్క కర్నూలుకే, అదీ అంచుల మీద. ఆ అదృష్టం మూడేళ్లు.

మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు తీసి పైన చెప్పిన లెక్క వేసి చూడండి, ఐదు నిమిషాల పని. ఆ పక్కనే ఇంకో కాలమ్ పెట్టి, మీ నాన్నగారు ఆఖరుసారి రాజధానికి పనిమీద పోయినప్పుడు ఎన్ని గంటలు పట్టిందో అడిగి రాయండి. రెండో కాలమ్ కోసం ఏ సైటూ అక్కర్లేదు. ఒక ఫోన్ చేస్తే చాలు.